హంతకుడు దొరికాడు కదా, ఇంకేం కావాలి?

'మెమరీస్ ఆఫ్ మర్డర్' పేరెత్తగానే మన సినిమా గ్రూపుల్లో రెండు మాటలు గ్యారంటీ. ఒకటి, చివర్లో సాంగ్ కాంగ్-హో కెమెరాలోకి చూసే ఆ చూపు. రెండోది, "అసలు హంతకుడు 2019లో దొరికేశాడు, తెలుసా?" అనే ట్రివియా. దాంతో లెక్క తేలిపోయినట్టు అందరూ లేచి వెళ్ళిపోతారు. నా గొడవంతా ఆ లేచి వెళ్ళిపోవడంతోనే.

2003లో బాంగ్ జూన్-హో తీసిన ఈ సినిమాకి ఆధారం 1986 నుంచి 1991 దాకా దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌లో జరిగిన 10 మంది ఆడవాళ్ళ హత్యలు. కథ మొదలయ్యే నాటికి గద్దె మీద చున్ డూ-హ్వాన్ ఉన్నాడు. 1979లో సైనిక కుట్రతో పైకొచ్చి, 1980లో గ్వాంగ్జులో జనాన్ని కాల్పించినవాడు. దీన్నంతా మనం 'పీరియడ్ బ్యాక్‌డ్రాప్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం, వానకీ వరిచేలకీ ఇచ్చినంత విలువ కూడా ఇవ్వం. బ్యాక్‌డ్రాప్ కాదండీ, కథే అది. ఈ రాత్రి ఇంకో హత్య జరగొచ్చు, మనుషుల్ని పంపండి అని డిటెక్టివులు పైవాళ్ళని బతిమాలితే, ఎవరూ లేరు, అందరూ ఊరేగింపుల్ని అణచడానికి వెళ్ళారని జవాబొస్తుంది. సైరన్ మోగితే ఊరంతా దీపాలు ఆర్పేయాలి. శత్రువు నుంచి కాపాడతామని ప్రభుత్వం చేసిన చీకటి హంతకుడికే పనికొస్తుంది.

ఇక బేక్ క్వాంగ్-హో. బుద్ధి సరిగా ఎదగని కుర్రాడు. డిటెక్టివులు అతన్ని పట్టుకొచ్చి తంతారు, అడవిలోకి తీసుకెళ్ళి గొయ్యి తవ్విస్తారు, నేరం ఒప్పిస్తారు. ఆ మధ్యలోనే, కొట్టినవాళ్ళూ తన్నులు తిన్నవాడూ ఒకే గదిలో కూర్చుని నూడుల్స్ తింటూ టీవీలో పోలీస్ సీరియల్ చూస్తారు. మనం నవ్వుతాం. చాలా సేపయ్యాక తెలుస్తుంది, ఆ కుర్రాడు చెప్పింది తను చేసింది కాదు, తను చూసింది. ఆ కేసులో దొరికిన ప్రత్యక్ష సాక్షి అతనొక్కడే. సాక్షిగా అతను కావలసొచ్చినప్పుడు, పోలీసుల్ని చూసి భయపడి పరిగెత్తి రైలు కింద పడతాడు. ఇది స్క్రీన్‌ప్లే ట్విస్టు కాదు. కొట్టడం అలవాటైన స్టేషన్‌కి నిజం నడిచొచ్చి ఎదురుగా కూర్చున్నా వినపడదు, సినిమా వాదన అది.

"అప్పట్లో డీఎన్ఏ టెస్టులు లేవు, అందుకే దొరకలేదు" అనేది మనవాళ్ళ రెడీమేడ్ సమాధానం. అసలు కేసు ఏం చెబుతోందో చూడండి. 20 వేల మందికి పైగా అనుమానితుల్ని విచారించారు. 2019లో బయటపడ్డ ఆ హంతకుణ్ణి పోలీసులు అప్పట్లోనే ప్రశ్నించారు కూడా. హంతకుడి రక్తం బీ గ్రూపని వాళ్ళ నమ్మకం, ఇతనిది ఓ గ్రూపు. వదిలేశారు. 1988లో జరిగిన ఎనిమిదో హత్యకి మాత్రం 1989లో ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుంటుతూ నడిచే మనిషి. నిద్రపోనివ్వకుండా ఒప్పుకోలు రాయించుకున్నారు. దానికి సైన్సు కూడా తోడిచ్చారు, వెంట్రుకల పరీక్ష రిపోర్టు. అతను దాదాపు 20 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. 2020 డిసెంబర్లో కోర్టు నిర్దోషి అంది. ఆ రిపోర్టూ నమ్మదగ్గది కాదని తేలింది. అంటే ఆ స్టేషన్‌లో మనిషితో పాటు సైన్సు చేత కూడా నేరం ఒప్పించారు.

తేదీ ఇంకోసారి చూడండి, 1989. చున్ అప్పటికే దిగిపోయాడు. 1987 జనవరిలో పార్క్ జోంగ్-చుల్ అనే విద్యార్థి పోలీసుల చిత్రహింసల్లో చనిపోతే, బల్ల మీద చరిచాం, ఉలిక్కిపడి పోయాడు అని చెప్పుకొచ్చారు. దాని మీద లేచిన ఆగ్రహమే జూన్‌కల్లా జనాన్ని వీధుల్లోకి తెచ్చింది. ఎన్నికలొచ్చాయి. రెండేళ్ళు తిరిగేసరికి ఓ పల్లెటూరి కుర్రాడు అలాంటి గదిలోనే కూర్చున్నాడు. నియంత దిగిపోయినంత సులువుగా స్టేషన్ మారదు.

అందుకే "అది వాళ్ళ డిక్టేటర్‌షిప్ గోల, మనకేంటి" అనేవాళ్ళంటే నాకు చిరాకు. హ్వాసాంగ్ హంతకుడి పేరు బయటికొచ్చింది 2019 సెప్టెంబర్లో. అదే ఏడాది డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేశారు. జనం వాళ్ళ మీద పూలు చల్లారు. ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వమే, డిక్టేటర్ ఎవడూ లేడు. 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ నలుగురూ అమాయకులని నేననట్లేదు. ఎవరు చేశారో కోర్టులో తేలే దారి మూసేశారు అంటున్నా. ఆ దారి ఆ నలుగురికే కాదు, చనిపోయిన అమ్మాయికి కూడా మూసుకుపోయింది.

పూలు చల్లినవాళ్ళని ఎక్కడో ఉన్న 'మాస్' అనుకోనక్కర్లేదు. లాకప్‌లో హీరో బెల్టు తీయగానే థియేటర్లో ఈల వేసేది మనమే. ఇంటికొచ్చి బాంగ్ జూన్-హోకి ఐదు స్టార్లిచ్చేదీ మనమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో నాకర్థం కాదు. సినిమాని పజిల్‌గా చూడ్డం వల్లే ఇముడుతున్నాయని నా అనుమానం. పజిల్‌కి జవాబొక్కటే కావాలి, అది ఏ గదిలో ఎలా రాబట్టారో అక్కర్లేదు.

హ్వాసాంగ్‌లో జవాబు తన్నుల వల్ల రాలేదు. ఎవరో గుమస్తా పనిలా భద్రం చేసిన పాత ఆనవాళ్ళని మళ్ళీ పరీక్షిస్తే వచ్చింది. అదీ 30 ఏళ్ళ తర్వాత, హంతకుడు ఇంకో హత్యకేసులో అప్పటికే జైల్లో ఉండగా, ఈ హత్యలకి శిక్ష వేసే గడువు కూడా దాటిపోయాక. జైల్లోనే ఈ సినిమా చూశానని, ఏమీ అనిపించలేదని అతను కోర్టులో చెప్పాడు.

అతనికి అనిపించకపోతే పోనీ. ఆ చివరి చూపు అతనికోసమే తీశారని చెప్పుకుంటాం కాబట్టి మనం హాయిగా కూర్చుంటున్నాం. అతను దొరికాడు. ఇప్పుడు ఆ చూపుకి ఎదురుగా మిగిలింది మనం. "రెండు తగిలిస్తే వాడే కక్కుతాడు" అని ఎవరైనా అన్నప్పుడు ఒప్పుకోలుగా తలూపే మనం.