ఎంతొచ్చింది?

పదోతరగతి ఫలితాల రోజున పిల్లల్ని అడిగే ప్రశ్న ఇది. మా ఇంట్లో మాత్రం డెబ్బైనాలుగేళ్ళ మా నాన్నగారిని మూడు నెలలకోసారి బంధువులందరూ అడుగుతున్నారు. ఆయనకు ప్రోస్టేట్ కాన్సరు, హార్మోను చికిత్స జరుగుతోంది. అడిగేది పీఎస్‌ఏ అంకె సంగతి.

మాది దివిసీమ. రక్తపరీక్ష ఒకసారి బందరులో, మరోసారి గుడివాడలో. పనిమీద ఎటు వెళ్తే అటు. బందరులో 0.4 వచ్చింది. మూడు నెలల తరువాత గుడివాడలో 0.7. కాగితం చేతికిచ్చినవారు ఒక్క మాటా చెప్పలేదు. "దాదాపు రెట్టింపయిందే!" అన్నాడు పరామర్శకు వచ్చిన ఒక బంధువు. నాన్నగారికి అన్నం సహించలేదు. పనిచెయ్యని సూది నాకెందుకన్నారు. పదిరోజులు బతిమాలుకున్నాము. చివరికి మొదట చేయించినచోటనే మళ్ళీ చేయిస్తే 0.5!

ఆ పదిరోజుల క్షోభకు కారణం రోగం కాదు, అంకెను తీర్పుగా చదివే మన అజ్ఞానమని నా వాదన.

మగ హార్మోనును అణచివేస్తే ఈ కాన్సరు వెనక్కు తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ 1941లో చూపాడు. 1966లో నోబెల్ బహుమతి పొందాడు. నేటి సూదులకూ ఆధారం అదే. అయితే ఆ ఫలితాన్ని కొలిచే పీఎస్‌ఏ తూకపురాయి వంటిది కాదు. ఒకే మనిషిలో ఏ మార్పూ లేకుండానే కొంత హెచ్చుతగ్గులుంటాయి. మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చినా పెరగవచ్చు. కిట్టు మారినా అంకె మారుతుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి సరిచేసినది పాత హైబ్రిటెక్ ప్రమాణపు దానికన్నా సుమారు 20 శాతం తక్కువ చూపుతుంది.

మందు లొంగదీయలేని దశ వచ్చిందనడానికి యూరోపియన్ యూరాలజీ సంఘపు నిర్వచనం చూడండి. టెస్టోస్టిరాన్ 50 నానోగ్రాములకన్నా తక్కువ ఉండాలి (డెసిలీటరుకు). కనీసం వారం ఎడంతో పీఎస్‌ఏ వరుసగా మూడుసార్లు పెరగాలి. అందులో రెండు, కనిష్ఠస్థాయి మీద 50 శాతం పెరుగుదలలు కావాలి. అంకె 2 దాటాలి. లేదా స్కానులో కొత్త మచ్చలు కనబడాలి. 0.4 నుంచి 0.7కు పోవడం ఇందులో ఎక్కడుంది? హంసలదీవి ఒడ్డున పెరిగినవాడెవడూ ఒక్క అలను చూసి పోటు వచ్చిందనడు. మరి కాగితం మీది ఒక్క అంకెను చూసి మనం ఎలా అంటున్నాము?

"ఇవన్నీ రోగికి చెబితే భయపడతాడు" అంటారు కొందరు. అర్థం చెప్పకుండా అంకెను మాత్రం చేతిలో పెట్టడం ఏపాటి దయ? తెలియనితనమే మా నాన్నగారిని సూది మానుకునేదాకా తెచ్చింది.

పెరుగుదలను తేలిగ్గా తీసుకోమనడం లేదు. అంకె వరుసగా పెరుగుతున్నా, ఎముకల్లో కొత్త నొప్పి పుట్టినా, కాళ్ళు చచ్చుబడుతున్నా, మూత్రం ఆగిపోయినా తరువాతి పరీక్షదాకా ఆగరాదు, వెంటనే వైద్యుని చూడాలి. నేను కోరేది ఇంతే: ఎప్పుడూ ఒకేచోట పరీక్ష చేయించండి. ఏ పద్ధతిలో చేశారో కాగితం మీద అడిగి రాయించుకోండి. టెస్టోస్టిరాన్ కూడా చూడాలేమో వైద్యుణ్ణి అడగండి. పాత అంకెలన్నీ వరుసగా ఆయన ముందు పెట్టండి.

ఇక బంధువులకు నా విన్నపం. ఈసారి మా ఇంటికి వస్తే "ఎంతొచ్చింది?" అనకండి. "ఎలా ఉన్నారు?" అనండి. దానికి నాన్నగారు చక్కగా జవాబు చెప్పగలరు.