రాతి దెబ్బకు సీసాలో మందు లేదు

క్రొత్త కారు కొనిన గృహస్థునకు నేడు తాళపుచెవులతో పాటు ఒక ఉపదేశము కూడ ఉచితముగా లభించుచున్నది. అమ్మకపుశాలలోని యువకుడు మొదలుకొని అపార్టుమెంటు మెట్లపై ఎదురుపడు పొరుగువాని వరకు ప్రతివాడును, "సార్, సిరామిక్ కోటింగ్ వేయించెయ్యండి, ఇక రాళ్ళు తగిలినా బండికి ఏం కాదు" అని నిస్సంకోచముగా హితవు చెప్పుటయు, ఆ గృహస్థుడు పదుల వేల రూపాయలు చెల్లించి, తళతళలాడు బానెట్టును చూచుకొని నిశ్చింతుడై జాతీయ రహదారి నెక్కుటయు, కొన్ని నెలలు గడచునప్పటికి ఆ బానెట్టు ముందంచున ఆవగింజలంతేసి మచ్చలు పొడసూపగా తన ప్రారబ్ధమును గాని తయారీదారుని గాని నిందించుటయు మన పట్టణములలో నిత్యకృత్యములైనవి.

ఈ మతమునకు మూడు అంగములు కలవు. నేటి కార్ల పెయింటు పూర్వపు పెయింటుకంటె బలహీనమనుట మొదటిది. దానిపై మిక్కిలి గట్టిదైన పూత నొకదానిని పూసినచో రాయి ఏమియు చేయజాలదనుట రెండవది. ఆ పూత వేయించిన పిదప యజమాని చేయవలసినది మరేమియు లేదనుట మూడవది. మొదటిది అర్ధసత్యము, రెండవది అసత్యము, మూడవది ఆ రెంటికంటెను హానికరము. రాతి దెబ్బ యొక్క తీవ్రతను వేగము నిర్ణయించుననియు, ముందు పోవు వాహనమునకును మనకును నడుమ విడిచిన దూరమే దానిని తప్పించు ముఖ్యోపాయమనియు, తక్కినవన్నియు దీనికి ఉపాంగములే యనియు నా వాదము.

మొదటి అంగమును విచారింతము. కారు రేకుపై మనకు కనబడు రంగు ఒక్క పొర కాదు. ఉక్కు రేకునకు భాస్వర లవణములతో సంస్కారము జరిగిన పిమ్మట విద్యుత్ప్రవాహ సహాయమున తుప్పును నిరోధించు పూత సుమారు 20 మైక్రాన్ల మందమున పట్టించబడును. దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికంటె పైన వర్ణరహితమైన క్లియర్ కోటు ఉండును. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ పొరలన్నియు కలిసినను సామాన్యముగా 100 మొదలు 140 మైక్రాన్లు మాత్రమే, అనగా మిల్లీమీటరులో ఏడవ వంతునకు మించవు. ఇంత పలుచని కవచము కంకరరాతికి లొంగుట వింత కాదు. కాని పెద్దలు కొందరు, "మా అంబాసిడర్ పెయింటు చూడు, ఇరవై ఏళ్ళయినా చెక్కు చెదరలేదు" అని చెప్పునప్పుడు, 1958 మొదలు 2014 వరకు తయారైన ఆ కారు తన జీవితములో అధికభాగము ఇరుకు రోడ్లపై ఏబది, అరువది కిలోమీటర్ల వేగముతో తృప్తిపడి తిరిగినదను సంగతిని విస్మరించుచున్నారు. ఆ పెయింటును మెచ్చుకొనుటకు ముందు ఆ వేగమును మెచ్చుకొనవలెను. తాకిడి శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, గంటకు 60 కిలోమీటర్ల వేగమున తగిలిన రాతికంటె 100 కిలోమీటర్ల వేగమున తగిలిన అదే రాయి రమారమి రెండుమ్ముప్పాతిక రెట్లు బలముగ కొట్టును.

ఇక రెండవ అంగము. సిరామిక్ కోటింగు అమ్మువారు తమ సీసాపై "తొమ్మిది హెచ్" అను ముద్రను సగర్వముగా చూపుదురు. వినియోగదారుడు దీనిని వజ్రమునకు పది మార్కులు వేయు మోస్ కాఠిన్య మానముగా భావించి, వజ్రమునకు ఒక్క మెట్టు మాత్రమే క్రిందనున్న కవచము తనకు లభించినదని మురిసిపోవును. వాస్తవమునకు ఆ అంకె పెన్సిలు పరీక్షకు సంబంధించినది: వేర్వేరు కాఠిన్యములు గల పెన్సిళ్ళను పూతపై నొక్కి గీయగా, ఏ పెన్సిలు వరకు గీత పడలేదో ఆ పెన్సిలు పేరే పూతకు బిరుదగుచున్నది. పెన్సిలు ముల్లు గీయలేని పూతను గ్రానైటు గీయలేదనుట ఎక్కడి తర్కము? మన రోడ్లపై పరచు కంకరలో విస్తారముగా ఉండు స్ఫటికశిలకు మోస్ మానములో ఏడవ స్థానము గలదు. అదిగాక ఈ పూత మందము కొద్ది మైక్రాన్లే. నూరు మైక్రాన్ల పెయింటును చీల్చుకొని పోవు రాయి దానిపైనున్న రెండు మూడు మైక్రాన్లకు జంకి ఆగిపోవునని నమ్ముటకు గొప్ప విశ్వాసము కావలెను.

అంతకంటె మౌలికమైన దోషము మరియొకటి కలదు. కాఠిన్యము వేరు, తాకిడిని ఓర్చుకొను గుణము వేరు. గాజుపలక తోలుచెప్పుకంటె ఎన్నో రెట్లు గట్టిది. ఐనను రెంటిపైన రాయి విసరినచో పగులునది గాజుపలకయే. ఈ భేదమును కార్లు తయారుచేయువారు చిరకాలము క్రిందటనే గుర్తించిరి. అమెరికాలోని ఎస్.ఏ.ఇ. సంస్థవారి జె400 పరీక్షలో పెయింటు వేసిన రేకుపైకి సంపీడిత వాయువుతో గులకరాళ్ళను చిమ్మించి, రాలిన పెచ్చుల సంఖ్యను, పరిమాణమును లెక్కింతురు. అట్టి పరీక్షలలో నెగ్గుటకై రసాయనికులు రాతి దెబ్బను తనలో ఇముడ్చుకొనగల సాగుడు గుణమును లోపలి పొరలకు కల్పించుదురు. తలుపుల క్రింది భాగమున కొన్ని కార్లకు వేయు గరుకు పూత మెత్తగా ఉండుట కూడ ఇందుచేతనే. తయారీదారుడు సాగుడు గుణమును వెదకుచుండగా, అంగడివాడు కాఠిన్యమును అమ్ముచున్నాడు.

ఇది క్రొత్త వింత కాదు. సిరామిక్ కోటింగునకు పూర్వము ఇదే ఆసనమును "టెఫ్లాన్ కోటింగు" అలంకరించి యుండెను. పెనమునకు అంటియుండు ఆ పదార్థము 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరుగదు; అంతకు మించిన వేడిలో కాల్చిననే అది లోహమునకు పట్టును. అంత వేడిని ఏ కారు పెయింటును సహింపజాలదు గదా! మైనములో కలిపి గుడ్డతో రుద్దిన పొడి, పెనముపై పొర కాజాలదని ఆనాడు చెప్పినవారు అరుదు. న్యాయము తప్పకుండుటకై ఇంతమాత్రము ఒప్పుకొనవలెను: సిరామిక్ పూత వలన నీరు నిలువక జారును, దుమ్ము సులభముగ కడుగబడును, మెరుపు నిలుచును. వీనికై వేయించుకొనువారితో నాకు తగవు లేదు. రాతికి కవచమని చెప్పి అమ్ముటయే మోసము.

ఇక యజమాని చేయవలసినది మరేమియు లేదను మూడవ అంగము. దానిని విచారించుటకు ముందు, రాతి దెబ్బ ఎక్కడినుండి వచ్చుచున్నదో చూడవలెను. ముందు పోవు లారీ రాతిని మనపైకి విసరుచున్నదని లోకుల భావన. పరిశీలించినచో జరుగునది అంతకంటె విచిత్రముగ ఉండును. దొర్లుచున్న చక్రము నేలను తాకు చోట, టైరు ఉపరితలమునకు భూమి దృష్ట్యా వేగమే యుండదు. అచ్చట టైరు గాడిలో చిక్కిన రాయి నేల విడిచిన వెంటనే ఊడినచో, దాని చలనము ప్రధానముగా మీదికే గాని వెనుకకు గాని ముందుకు గాని విశేషముగ ఉండదు. అనగా ఆ రాయి ఇంచుమించు లేచిన చోటనే గాలిలో వ్రేలాడుచుండగా, వెనుకనుండి మన కారు పోయి దానిని ఢీకొనుచున్నది. రాయి మనలను కొట్టుట నామమాత్రము. మనమే మన వేగముతో రాతిని కొట్టుచున్నాము. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుపై 100 కిలోమీటర్ల వేగమును 120కి పెంచినవాడు గమ్యమును కొన్ని నిమిషములు ముందుగా చేరును గాని, తనకు తగులు ప్రతి రాతి తాకిడికిని నూటికి 44 వంతుల బలమును స్వహస్తములతో చేర్చుచున్నాడు.

ఈ సంగతి గ్రహించినచో దూరము యొక్క మహిమయు తేటపడును. మనిషి యెత్తునకు ఎగిరిన రాయి లేచి పడుటకు సెకనుకంటె కొంచెము మించిన కాలము పట్టును; మూడు మీటర్ల ఎత్తు ఎగిరినదానికైనను సుమారు ఒకటిన్నర సెకను చాలును. 80 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు సుమారు 22 మీటర్లు పోవును. కాబట్టి లారీకి మూడు సెకనుల వెనుక, అనగా 65, 70 మీటర్ల ఎడముతో నడుపువాడు ఆ చోటికి చేరునప్పటికి ఎగిరిన రాళ్ళలో అధికభాగము నేలకు దిగియుండును. లారీ వెనుక రెండు బారల దూరమున అంటుకొని, అద్దము నిండ దాని దుమ్మును పీల్చుచు, హారను మ్రోగించుచు పోవువానికి ఏ కోటింగు రక్షణ నీయగలదు? లారీ ఒక గుర్తును దాటిన క్షణమునుండి మనసులో మూడు సెకనులు లెక్కించుటకు ఖర్చు లేదు; పైగా ముందు వాహనము హఠాత్తుగా ఆగినప్పుడు ఆ దూరమే ప్రాణమును కూడ కాపాడును.

"మన రోడ్లపై ఇది సాధ్యమా? మనము విడిచిన సందులోనికి ఆటోయో, మరొక కారో దూరును గదా!" అని ఆక్షేపింతురు. దూరును, సందేహము లేదు. దూరినచో మరల కొంచెము వెనుకకు తగ్గవలెను. ఒక్కొక్కమారు పోవునది కొన్ని సెకనులు మాత్రమే. ఎదురుగ వచ్చు వాహనముల మాట యేమందురేని, రెండు వరుసల రోడ్డుపై అది నిజమైన ఇబ్బందియే. ఎదుటి వాహనముతో పాటు ముందుకు దూసుకొని వచ్చు రాతి విషయమున ఇరువురి వేగములును కలియును, అచ్చట దూరము పాటించు వీలును లేదు. అట్టి మార్గములలో తరచుగ తిరుగువారికి పెయింటుపై అంటించు పారదర్శకమైన పాలియురెథేన్ ఫిల్ము ఉపయోగపడునని అంగీకరించుచున్నాను. వియత్నాం యుద్ధకాలమున హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక కోతనుండి కాపాడుటకు వాడిన పదార్థజాతికి చెందినదగుటచేతను, 150 మొదలు 200 మైక్రాన్ల మందము గలిగి సాగునదగుటచేతను, అది చిన్న రాళ్ళ దెబ్బను కొంతవరకు తనలో ఇముడ్చుకొనును. ఐనను దానిని లక్షరూపాయల పైబడి వ్యయముతో కారు నఖశిఖపర్యంతము చుట్టనేల? రాయి తగులు స్థానములు బానెట్టు ముందంచు, అద్దముపైనున్న కప్పు అంచు, పక్క అద్దముల ముఖము, చక్రముల వెనుకటి భాగము. డిక్కీ తలుపునకు ఎదురుగ ఎగిరి తగులు రాయి ఎక్కడనున్నది? మరియు వ్యాసము రెండింతలైన రాతికి బరువు ఎనిమిదింతలగును గనుక, పెద్ద రాతికి ఫిల్ము కూడ అభేద్యము కాదు.

విచిత్రమేమనగా, వేలు పోసి పూతలు కొనువారే, కొన్ని వందల రూపాయలలో లభించు మడ్ ఫ్లాపులను అందము చెడునని ఊడదీయించుచున్నారు. తలుపుల క్రింది అంచులను చెక్కునవి పరుల రాళ్ళు కావు. మన ముందు చక్రములే లేపి కొట్టునవి. ఫెండరునకు వెలుపలికి పొడుచుకొని వచ్చు వెడల్పు టైర్లు వేయించినవాడు తన కారుపైకి తానే కంకర చిమ్మించుకొనుచున్నాడు. చక్రముల కమానుల చుట్టు ఉండు నల్లని ప్లాస్టిక్ పట్టీలు దెబ్బలు తినుటకే ఏర్పడినవి. పెయింటు లేదు గనుక వానికి పెచ్చు రాలు భయము లేదు. వానికి కారు రంగు పూయించువారు తయారీదారుడు తీర్చిన సమస్యను తిరిగి సృష్టించుచున్నారు.

మచ్చ పడిన పిమ్మట చేయవలసినదానిలోను ఇట్టి అవివేకమే కనబడుచున్నది. బంపరు ప్లాస్టిక్కు, దానికి తుప్పు రాదు, అది కంటికి లోపము మాత్రమే. ఉక్కు బానెట్టుపై లోహము బయటపడిన మచ్చ వేరు. విశాఖ వంటి సముద్రతీర నగరములలో ఉప్పుగాలికి అది వేగముగ ఎర్రబారును. బంపరునకై వాపోవువాడు బానెట్టు మచ్చను వానకాలమంతయు విడిచిపెట్టును. లేదా రెండు మచ్చలకై బానెట్టంతయు తిరిగి పెయింటు వేయించును. కర్మాగారములో తుప్పు నిరోధక పూతను సుమారు 160, 180 డిగ్రీల వేడిలో కాల్చుదురు. మరమ్మతు షెడ్డులో అద్దములు, ప్లాస్టిక్కు, వైర్లు బిగించియున్న కారును 60, 80 డిగ్రీలకు మించి వేడిచేయుట సాధ్యము కాదు గనుక, ఆ పెయింటు కర్మాగారపు పూతకు సాటి రాదు. మచ్చను శుభ్రపరచి, జిడ్డు తీసి, తలుపు స్తంభముపైనో బానెట్టు క్రిందనో ఉండు పట్టీలోని రంగు సంఖ్యను బట్టి తెచ్చిన టచప్ పెయింటును పలుచగ అద్దుకొనుట చాలు.

తుదకు ప్రజావిషయము. రాళ్ళు ఆకాశమునుండి పడుట లేదు. క్రషరునుండి బయలుదేరిన టిప్పరు, పైకి కుప్పగ నింపిన కంకరపై టార్పాలిన్ పట్టా లేక, వంతెన అతుకు ఎక్కిన ప్రతిసారి గుప్పెడు రాళ్ళను రోడ్డుపై చల్లుచు పోవుచున్నది. అధికభారమునకు 2019 సవరణానంతరము మోటారు వాహనముల చట్టములో 20,000 రూపాయల జరిమానాయు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలును విధింపబడియున్నవి. చట్టము లేదని చెప్పుటకు వీలు లేదు. బ్రిటనులో తారుపై క్రొత్తగా చిప్స్ చల్లిన రోడ్డున గంటకు 20 మైళ్ళకు మించరాదని పలకలు నాటి, వదులు రాళ్ళను ఊడ్చుదురు. ఇచ్చట రోలరు దిగకముందే బస్సులు దిగును. కారు యజమానులు కోటింగు దుకాణముల ముందు వరుసలు కట్టుటకు బదులు పట్టా లేని టిప్పర్లను గూర్చి రవాణాశాఖకు ఫిర్యాదు చేసినచో, ఆ ఫలము కోటింగు కొనజాలని స్కూటరు ప్రయాణికుని కంటికిని దక్కును. కారునకు రాలునది పెచ్చు మాత్రమే. వానికి పోవునది చూపు.

కాబట్టి చదువరులారా, మెరుపు కావలెనన్న పూత వేయించుకొనుడు; రక్షణ కావలెనన్న వేగము తగ్గించి, లారీకి మూడు సెకనులు వెనుకబడి, మడ్ ఫ్లాపులు బిగించుకొని, మచ్చ పడిన వారములోనే రంగు అద్దుకొనుడు. రాతినుండి కాపాడునని చెప్పి మీకు సీసా చూపువానిని ఒక్క ప్రశ్న అడుగుడు: రాతి దెబ్బకు మచ్చ పడినచో రొక్కము తిరిగి ఇత్తువా? ఆ మాటను కాగితముపై వ్రాసి సంతకము చేయనివాని ఉపదేశము స్వీకరింపదగినది కాదు.