బాండుగారి టయోటా... మన ఆటోనగర్ మారుతీ!

జేమ్స్ బాండు పొడుగుమనిషి కావడంవల్ల ఒక జపాన్ కారుకి టాపు ఎగిరిపోయింది, తెలుసా మీకు? 1967లో వచ్చిన 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' సంగతి. టయోటావాళ్ళ 2000 జీటీ కారు చూస్తే మహా ముద్దుగా ఉంటుంది. కానీ షాన్ కానరీగారు ఆరడుగుల రెండంగుళాలాయె! తల పడితే కదా! ఇక చేసేదేముంది, ఆ సినిమా కోసమే టాపులేని బళ్ళు రెండు తయారుచేశారు. ఆ మోడల్లో టాపులేనిది అమ్మకానికి ఎన్నడూ రాలేదు.

హీరోకి తగ్గట్టు కారు మార్చుకునే ముచ్చట ఈనాటిది కాదని చెప్పడానికే ఇదంతా. 2001లో 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' వచ్చాక అది పిచ్చిగా మారింది. అందులో పాల్ వాకర్ నడిపిన నారింజరంగు టయోటా సుప్రా గుర్తుందిగా? 2021లో వేలం వేస్తే అయిదున్నర లక్షల డాలర్లు పలికింది. 1994 నాటి పాత కారండీ బాబూ! అమెరికాలో పాతికేళ్ళు నిండిన విదేశీ కారుకి అక్కడి భద్రతా నిబంధనలు అడ్డురావు. 1999లో తయారైన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 ఇప్పుడు ఆ గీత దాటేసింది. డల్లాసులో ఉన్న మనవాళ్ళబ్బాయి డబ్బులుంటే దర్జాగా తెప్పించుకోవచ్చు.

గన్నవరంలో ఉన్న అబ్బాయి? వాడి పప్పులు ఉడకవు. మూడేళ్ళు దాటిన వాడిన కారు మన దేశంలోకి మామూలుగా దిగుమతి కాదు. సినిమావాళ్ళు విమానం దిగే ఊరే అయినా మాది, సుప్రాలూ స్కైలైన్లూ మాత్రం దిగవు!

అయితే మనకి పాత జపాన్ కార్లే లేవా అంటే, మీ వీధి చివర టార్పాలిన్ కింద ఉందేమో చూడండి. మారుతి 800! 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీగారు మొదటి కారు తాళాలు ఢిల్లీ ఆసామీ హర్పాల్ సింగ్‌గారి చేతికిచ్చారు. పేరు మనదేగాని ఒళ్ళంతా జపాన్ సుజుకీయే. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. అంబాసిడర్ పక్కన నిలబెడితే పెళ్ళికొడుకు పక్కన తోడిపెళ్ళికొడుకులా ఉండేది. 2014 జనవరిదాకా తయారైంది. (అన్నట్టు మన తెలుగుగడ్డ మీద కూడా ఒక జపాన్ బండి పుట్టింది. హైదరాబాద్ ఆల్విన్‌వాళ్ళు నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చేసిన చిన్న లారీ. 1989లో అది మహీంద్రా చేతికి పోయింది. ఆ ఆల్విన్ వాచీలు కూడా జపాన్ సీకో సాయంతో వచ్చినవే. పెట్టుకున్నవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు, అడగండి.)

మా ఊరి కుర్రాడొకడు 1985 మారుతి కొన్నాడు. ఇంజనీరింగ్ పాసై ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది. "బాబాయ్, పెద్ద ఇంజన్ వేయిస్తా, కింది స్ప్రింగులు కోయించి కిందకి దించుతా, వెడల్పు టైర్లు, సైలెన్సర్ సౌండు అదిరిపోవాలి!" అన్నాడు. వాడి కళ్ళల్లో నాకు నారింజరంగు కనపడింది.

బెజవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళాం. లారీ బాడీ దగ్గర్నుంచి స్కూటర్ బుష్షుదాకా అక్కడ కాని పని లేదు. టింకరింగ్ మేస్త్రి, డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, కారు చుట్టూ తిరగలేదు. తలుపు తీసి కాళ్ళకింద మ్యాటు లేపాడు. అడుగున తడి. స్క్రూడ్రైవరు పెట్టి నెట్టాడు. అది నేలదాకా దిగిపోయింది!

"బాబూ, సౌండు సంగతి తర్వాత. ముందు నీ కాళ్ళు రోడ్డుమీద పడకుండా చూసుకుందాం" అన్నాడాయన.

ఆ తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. ఒళ్ళంతా ఆనిస్తూ పోయాడు. వెనక చక్రం పైన అంటుకోలేదు. అంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. ఎవడో తుప్పు మీద లప్పం మెత్తి రంగు కొట్టి అమ్మేశాడన్నమాట. మేకప్‌మాన్ పనితనం! కృష్ణాతీరం గాలిలో తేమ ఎక్కువ. అడుగు రేకు, తలుపుల కింద భాగం, చక్రాల పైన వంపు, బ్యాటరీ కూర్చునే చోటు... తుప్పు పట్టేది ఇక్కడే. పుచ్చిందంతా కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. నెలల పని. ఫొటోలో కనపడదు. ఈలలు పడవు.

ఇంజనా? అది నయం. అన్నేళ్ళు తయారైన బండి కాబట్టి ఇంజన్ సామాను ఇంకా దొరుకుతుంది. చిక్కల్లా పైరూపంతోనే. 1986లో మారుతి ఒళ్ళు మార్చుకుంది. అంతకుముందరి బండికి గ్రిల్లూ, లైటు అద్దాలూ కావాలంటే పాతసామాను కొట్ల చుట్టూ చెప్పులరిగేలా తిరగాల్సిందే.

మరి పెద్ద ఇంజన్? చట్టం ఒప్పుకోదు నాయనా! కంపెనీవాడు ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఖండితంగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అనుమతిలేని ఒక్కో మార్పుకి అయిదువేలు జరిమానా, లేదా ఆరునెలలదాకా జైలు, లేదా రెండూ. "అందరూ చేస్తున్నారుగా" అన్నాడు మావాడు. చేస్తున్నారు. కోసిన స్ప్రింగు పెద్ద గుంతలో చక్రం వేలాడినప్పుడు కూర్చున్న చోటునుంచి జారుతుంది. వెడల్పు టైరు మలుపులో రేకుని రాస్తుంది. పెద్ద ఇంజన్ పరిగెత్తిస్తుంది సరే, పాత బ్రేకులు ఆపవద్దూ? మా ఊరినుంచి బెజవాడదాకా హైవే మీద పక్కనే లారీలు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. జరిమానాకి భయపడకపోయినా ఫరవాలేదు, బ్రేకుకి భయపడండి!

కాగితాలు మరీ ముఖ్యం. బండి చూడకముందు ఆర్సీ చూడండి. ఛాసీ నంబరు, ఇంజన్ నంబరు బండిమీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం, ఇరవయ్యేళ్ళు దాటిన కారుకి ఆ ఫీజే పదివేలు! యాభై ఏళ్ళు నిండితే 'వింటేజి' హోదా వస్తుందని 2021లో రూలు తెచ్చారు. మన మొదటి మారుతీలకి ఆ పట్టాభిషేకం 2033లో. అప్పటిదాకా వాటిని బతికించాలిగా! ఇందిరాగాంధీగారి చేతులమీదుగా వచ్చిన మొదటి కారే యజమాని పోయాక ఇంటిముందు ఎండకీ వానకీ పాడైపోయింది. చివరికి కంపెనీవాళ్ళు తీసుకుపోయి మళ్ళీ ముస్తాబు చేశారు. ఇక మామూలోళ్ళ కార్ల గతి ఊహించుకోండి.

మావాడు మూడు వారాలు అలిగాడు. నాలుగోవారం ఆదివారం ఫోను చేస్తే ఆటోనగర్‌లో ఉన్నాడు. మేస్త్రిగారి పక్కన కూర్చుని రేకు కోయడం నేర్చుకుంటున్నాడట! మేస్త్రిగారి కొడుకులిద్దరూ సాఫ్ట్‌వేరు. పాత రేకుని సుత్తితో వంపు తిప్పే ఆ పని ఇంట్లో ఎవరికీ రాదు. ఇంజనీరింగ్ చదివినవాడు వచ్చి "నేర్పండి" అంటే ఆయన మొదట నవ్వాడట. తర్వాత చేతికి సుత్తి ఇచ్చాడట.

నేల పని అయిపోయింది. ఇంజన్ పాతదే, కార్బురేటర్ శుభ్రం చేయించారు. రంగు మాత్రం అసలుదే, తెలుపు. నారింజ గొడవ మళ్ళీ రాలేదు. మార్పు అంటూ చేసిందల్లా ఒక్కటే, డ్యాష్‌బోర్డులో పాత క్యాసెట్ ప్లేయరు. దానికి రేణిగుంటదాకా వెళ్ళొచ్చాడు, అది వేరే కథ.

ఇంకా ఎడమవైపు వెనకలైటు అద్దం దొరకలేదు. 1986కి ముందరి మారుతిది. మీ పెరట్లోనో, మీ మామయ్యగారి షెడ్డులోనో అలాంటిది మూలపడి ఉంటే పాత ఇనుము వాడికి తూకానికి వేసెయ్యకండి. మాకో కార్డుముక్క రాయండి.