ఇరువది మార్కులకు జవాబుదారి యెవరు?

తెలంగాణలో పదవ తరగతి విద్యార్థికి ప్రతి విషయమునందును నూటికి ఎనుబది మార్కులు ముక్కు మొగము తెలియని పరీక్షకుడును, తక్కిన ఇరువది మార్కులు నిత్యము వాని యెదుట నిలిచి పాఠము చెప్పు ఉపాధ్యాయుడును వేయవలెనన్న యేర్పాటు, నిదానించి చూచిన యెడల, ఎంతయు న్యాయమైనదే. ప్రశ్న వేయు చొరవ, చదివినది తన మాటలలో చెప్పు నేర్పు మూడు గంటల పరీక్షలో తేలునవి కావు. ఏడాది పొడవున చూచిన కంటికే అవి తెలియును. కాని ఆ కన్ను నిజముగా చూచినదా యని అడుగువాడు లేకపోవుటయే మన చిక్కు.

ఈ ఇరువది మార్కులకై ఏడాదికి నాలుగు పర్యాయములు జరుగవలసిన ఫార్మేటివ్ మూల్యాంకనమున, తరగతిలో పాల్గొనుటకు, రాతపనికి, ప్రాజెక్టునకు, స్లిప్ టెస్టునకు తలా ఐదు మార్కులు. హైదరాబాదు పాతబస్తీలోని హుసేనీ ఆలము, శాలిబండ సందులలో నివాసగృహముల మేడలపై నడచు ఏ చిన్న బడిలోనైనను రిజిస్టరు తెరచి చూడుడు: వరుసగా పందొమ్మిది, ఇరువది, పందొమ్మిది. స్లిప్ టెస్టు కాగితములు కానరావు. ప్రాజెక్టు చార్టులు పదిమందివైనను దస్తూరి ఒక్కటే. తనిఖీ బృందము వచ్చునని తెలిసిన రాత్రి రికార్డులు పుట్టును. అట్టి బడి పంతులు ఒకరిని కదపగా, "నేనొక్కడినే పదకొండు వేస్తే పక్క బడి పిల్లలు ఇరవై పట్టుకుపోతారు గదండీ, మా పిల్లలేం పాపం చేశారు?" అనినాడు. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. ఇది పాతబస్తీకే పట్టిన జాడ్యమనుకొనుట పొరపాటు. కలవారి బంజారాహిల్సు బడులలో చార్టు కాగితము కొంచెము నునుపుగా నుండును, అంతియే.

ఈ ఇరువది మార్కుల విలువ యెంతయో 2021లో రాష్ట్రమంతయు చూచినది. కోవిడు కారణమున పరీక్షలు రద్దుకాగా, బడులు వేసిన తొలి ఫార్మేటివ్ మార్కులనే నూటికి హెచ్చవేసి ఫలితములు ప్రకటించిరి. పదికి పది జీపీఏ పొందినవారు రెండు లక్షలు దాటిరి! మరుసటి యేడు పిల్లలు పరీక్ష గదిలో కూర్చుండి వ్రాయగా ఆ సంఖ్యలో పదోవంతైనను మిగులలేదు. అయినను ఇంతటి వ్యత్యాసమునకు సంజాయిషీ అడిగిన జాడ లేదు.

ప్రభుత్వము చేసినదేమి? 2024 నవంబరులో ఈ ఇరువది ఇంటర్నల్ మార్కులను ఎత్తివేయుచున్నామనెను. ఒక్కరోజు తిరుగకమునుపే మరుసటి విద్యాసంవత్సరమునకు వాయిదా వేసెను. 2025 ఆగస్టులో మరల ఎనుబది–ఇరువదియే యుండుననెను. తీసివేయుటయా, ఉంచుటయా యన్న చర్చయే గాని, ఉంచినచో ఎవరు పూచీపడవలెనన్న మాట ఎత్తినవారు అరుదు.

బయటి పరీక్షకుడు దైవాంశసంభూతుడేమియు కాడు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియటు ఫలితములలో తెలుగునందు తొంబదితొమ్మిది మార్కులు తెచ్చుకొన్న బాలికకు సున్న పడినది. ఆ ఫలితముల దుఃఖములో రాలిపోయిన పసిప్రాణములను ఈ రాష్ట్రము మరువరాదు. అయినను అచ్చట జవాబుపత్రము నిలిచియుండెను గనుకనే తప్పు బయటపడినది, దిద్దినవారికి జరిమానా పడినది. తన జవాబుపత్రమును తాను చూచుకొను హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టము క్రింద కలదని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పినది. కాని ఫార్మేటివ్ మార్కు విషయమున చూచుకొనుటకు పత్రమే లేనప్పుడు ఆ హక్కు దేనిమీద నిలుచును? ఉర్దూ తప్ప మరొకటి చదువలేని తల్లి, తన కొడుకునకు పందొమ్మిది ఎందుకు వచ్చినదో, పన్నెండు ఎందుకు రాలేదో ఎవరిని అడుగును?

కనుక ఆ ఇరువది మార్కులను తీసివేయ నక్కరలేదు. కాగితములను ఫలితముల తరువాత ఏడాదిపాటు బడిలో భద్రపరుపవలెను. ప్రతి బడినుండి చీటీలు తీసి కొందరి కాగితములను వేరొక మండలపు ఉపాధ్యాయులచేత మరల దిద్దింపవలెను. బడి వేసిన మార్కుల సగటును, బయటి పరీక్షలో వచ్చిన సగటును ప్రక్కప్రక్కనే ప్రకటింపవలెను. ఎడము మితిమీరిన బడి ప్రధానోపాధ్యాయుడు సంజాయిషీ ఇచ్చుకొనును.

ఇప్పటికే చాలినంతమంది పంతుళ్లు లేని ఉర్దూ మాధ్యమపు బడులకు ఇది తలకు మించిన భారమగునను ఆక్షేపణ వచ్చును, అది సబబైనదే. నాలుగు ఫార్మేటివులకు బదులు రెండే జరిపి, ఆ రెంటి కాగితములైనను బీరువాలో నుండునట్లు చూచుట పై యధికారులకు అసాధ్యమేమియు కాదు.