గ్రామసభ మాటకు బరువెంత?

ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఒకరు నేర్పనక్కరలేదని, వారి నుంచే నేర్చుకోవాలని 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా వాదించారు. 1928 ఒలింపిక్ హాకీ జట్టుకు సారథ్యం వహించినది కూడా ఆయనే. ఆ వాదన చట్టం కావడానికి అర్ధశతాబ్దం పట్టింది. దిలీప్ సింగ్ భూరియా సంఘం 1995లో బాట వేయగా, ఐదో షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించే పెసా చట్టం 1996 డిసెంబరులో వచ్చింది.

ఈ చట్టం దృష్టిలో గ్రామమంటే రెవెన్యూ గ్రామం కాదు. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చక్కబెట్టుకొనే గూడెం కూడా గ్రామమే. ఆ గూడేనికి సొంత గ్రామసభ ఉంటుంది. అయితే భూసేకరణ విషయానికి వచ్చేసరికి చట్టం ‘సంప్రదింపు’తో సరిపెట్టింది. చిక్కంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. అడిగి, కాదన్నా ముందుకు సాగినా అది సంప్రదింపే అవుతుంది.

నిజంగా అభిప్రాయం కోరితే ఏమవుతుందో ఒడిశాలోని నియమగిరి చూపింది. బాక్సైట్ తవ్వకాలపై, 2006 అటవీ హక్కుల చట్టం ఆధారంగా సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో 2013లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. అక్కడ ఊరి తరఫున ఒక నాయకుడు సంతకం పెట్టలేదు, ఊరే మాట్లాడింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెసా నియమాలను 2011లోనే రూపొందించుకుంది. ఇక చూడవలసింది సభ జరిగే తీరు. కువి మాట్లాడే గూడెంలో తీర్మానాన్ని తెలుగులో రాసి, వారి భాషలో వివరించకుండానే వేలిముద్రలు తీసుకుంటే, ఆ కాగితాన్ని ఎవరి నిర్ణయమనాలి?