కొట్టంలో ఒక పేరు, కంచంలో ఒక పేరు

ఇంగ్లీషులో ఆవు ‘కౌ’, దాని మాంసం ‘బీఫ్’. గొర్రె ‘షీప్’, దాని మాంసం ‘మటన్’. పంది ‘పిగ్’, దాని మాంసం ‘పోర్క్’. కొట్టంలో ఉన్నప్పుడు ఒక పేరు, కంచంలోకి వచ్చాక మరో పేరు ఎందుకు? హాస్టల్లో ఇంగ్లీషు మాటలు బట్టీపట్టే మనమంతా తెలుసుకోవలసిన సంగతి ఇది.

దీని వెనుక ఒక ఓటమి ఉంది. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును జయించాడు. భూములు, కోటలు, కోర్టులు ఫ్రెంచి మాట్లాడే దొరల చేతికి పోయాయి. పశువులను మేపింది ఇంగ్లీషు మాట్లాడే పేదలు, విందులారగించింది దొరలు. మేపినవాడి మాట పశువుకు మిగిలింది, తిన్నవాడి మాట మాంసానికి దక్కింది. ఫ్రెంచిలో మాత్రం ‘ముతోన్’ అంటే గొర్రె, గొర్రె మాంసం రెండూ! వాల్టర్ స్కాట్ 1819లో వెలువడిన ‘ఐవాన్‌హో’ నవలలో ఒక విదూషకుడి చేత పందుల కాపరికి ఈ సంగతే చెప్పించాడు. అయితే ఈ తేడా ఒక్కరోజులో స్థిరపడలేదు. ‘బీఫ్’ అనే మాటను బతికున్న పశువుకు కూడా కొన్ని శతాబ్దాలు వాడారు.

పేదవాడూ తినే బ్రెడ్, మిల్క్, సాల్ట్ పాత ఇంగ్లీషు మాటలే. డిన్నర్, రోస్ట్, ఫ్రై ఫ్రెంచి నుండి వచ్చాయి. మనం గొప్పగా పలికే ‘చెఫ్’కు ఫ్రెంచిలో అర్థం ‘పెద్ద’ అనే. ‘రెస్టారెంట్’ అంటే 18వ శతాబ్దపు పారిస్‌లో నీరసించినవారికి సత్తువనిచ్చే మాంసపు చారు. ఆ చారు అమ్మే చోటుకు తర్వాత అదే పేరైంది.

మన భాషలో మాత్రం ఈ ఎక్కువతక్కువలు లేవా? ‘కూడు’ అచ్చ తెలుగు మాట, ‘భోజనం’ సంస్కృతం నుండి వచ్చింది. ‘కూడు తిన్నావా’ అంటే మొరటు, ‘భోజనం చేశారా’ అంటే మర్యాద! ‘కూటి కోసం కోటి విద్యలు’ అని సామెత చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ మొరటు అనిపించదు. మాటలో దోషం లేదు. అది ఎవరి నోట ఉందో చూసి లోకం దానికి విలువ కడుతోంది. అందుకే మన అమ్మానాన్నల మాటను చూసి నవ్వితే, ఆ నవ్వు వారి కష్టాన్ని చూసి నవ్వినట్టేనని మేము భావిస్తున్నాం.

మిత్రులారా! నేడు మనల్ని భయపెడుతున్న ఇంగ్లీషు ఒకనాడు పాలేళ్ల భాషగా చులకనైంది. ఇంగ్లండు కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని రాసింది కూడా ఫ్రెంచిలోనే! అలాంటి భాషే ఇవాళ లోకమంతా తిరుగుతోంది. కనుక ఇంగ్లీషును భయం లేకుండా నేర్చుకుందాం. మన మాటను సిగ్గుపడకుండా పలుకుదాం.

మా సూచన ఒక్కటే. హాస్టల్ గోడపత్రికలో ఒక మూల ఇంటి తిండి మాటలకు కేటాయించాలి. గటక, సంకటి, అంబలి, జావ... ఎవరి ఊరి మాట వారు రాయాలి. తోటి విద్యార్థి రాసిన మాట కొత్తగా ఉంటే నవ్వకుండా అర్థం అడగాలి. చదువు అక్కడి నుండే మొదలవుతుంది.