చవక బ్యాండ్‌సా కొనండి, కానీ సగం మిషనే కొంటున్నామని తెలిసి కొనండి



ఇనుము కోసే చిన్న బ్యాండ్‌సా గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. బల్ల మీద పెట్టుకుని, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతో నడుపుకునే మిషన్ అది. గుండ్రంగా అతికిన రంపం పట్టీ రెండు చక్రాల మీద తిరుగుతుంటుంది. పై చెయ్యి తన బరువుతో తానే కిందికి దిగుతూ ఇనుమును కోసేస్తుంది. నాలుగున్నర అంగుళాల రాడ్డు దాకా పడుతుంది. ఇది కొనొచ్చా, చవకది కొంటే మోసపోతామా అని అడుగుతున్నారు.

నా మాట సూటిగా చెప్తా. కొనొచ్చు. చవకదే కొనొచ్చు. కాకపోతే పెట్టెలోంచి తీసి స్విచ్ వేస్తే పనిచేసే మిషన్ అనుకుని మాత్రం కొనొద్దు. ఆ డబ్బుకి మీకు వచ్చేది పోత ఇనుము, మోటారు, గేర్‌బాక్సు. దాన్ని మిషన్‌గా చేసుకునే పని మీదే. రెండు రోజుల ఓపిక, మిషన్ ధరలో నాలుగో వంతు డబ్బు విడిగా ఉంచుకోలేకపోతే ఆ సొమ్ము ఎరువులకి పెట్టుకోండి, నయం.

గ్రైండరు ఉండగా ఇదెందుకు అంటారా? మీ పశువుల కొట్టం ఒకసారి చూడండి. పక్కనే గడ్డివామి, వసారాలో పత్తి, మూల డీజిల్ డబ్బా. ఎండాకాలంలో అక్కడ గ్రైండరు పట్టుకుంటే నిప్పురవ్వ ఎంత దూరం పోయి పడుతుందో మనకి తెలియంది కాదు. డిస్కు పగిలితే ముక్క ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. జీఐ పైపుని గ్రైండరుతో కోస్తే జింకు పొగ కూడా పీలుస్తాం. బ్యాండ్‌సాలో రవ్వలు, పొగ ఉండవు. కోత కూడా ఒక మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది కాబట్టి ఇనుము పెద్దగా వృథా కాదు. పందిరికి వంద పైపులు ఒకే కొలతకి కొయ్యాలన్నా, ట్రాలీకి యాంగిల్ ముక్కలు కొయ్యాలన్నా నడుం వంచి గ్రైండరు పట్టుకునే బాధ తప్పుతుంది.

ఇక బాగుచేసుకునే సంగతి. వరసగా చెప్తాను, ఈ వరసలోనే చెయ్యండి.

మొదటిది బ్లేడు. ఇలాంటి చవక మిషన్లతో వచ్చేది ఎక్కువగా మామూలు కార్బన్ స్టీలు బ్లేడు. నాలుగు రోజుల్లో పళ్లు మొద్దుబారతాయి, కోత వంకర పోతుంది, మనం మిషన్‌ని తిడతాం. బై-మెటల్ బ్లేడు, దొరికితే ఎం42 రకం, తెప్పించుకోండి. ఈ సైజు మిషన్లలో ఎక్కువవాటికి 1638 మి.మీ. పొడవు, 13 మి.మీ. వెడల్పు, 0.65 మి.మీ. మందం బ్లేడు పడుతుంది. అయినా మీ మిషన్ పుస్తకం చూసే ఆర్డరు పెట్టండి.

పళ్ల లెక్క కూడా తెలుసుకోవాలి. కోసే ఇనుము మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి. దంతె పళ్ల మధ్య రాయి ఇరుక్కుంటే పన్ను ఎలా విరుగుతుందో ఇక్కడా అంతే. అయిదారు మి.మీ. యాంగిల్, పట్టీలకి అంగుళానికి 10-14 పళ్లది సరిపోతుంది. రెండు మూడు మి.మీ. పలచటి పైపుకి 18 లేదా 24 పళ్లది కావాలి. ఈ రెండు బ్లేడులుంటే రైతు పని దాదాపు అంతా గడిచిపోతుంది.

రెండోది బేరింగు గైడ్లు. బ్లేడుని నిలువుగా తిప్పి పట్టుకునే చిన్న బేరింగులు ఇవి. వంకర కోతకి బ్లేడు తర్వాత పెద్ద కారణం ఇక్కడే ఉంటుంది. రెండంగుళాల స్క్వేర్ పైపు కోసి మూలమట్టం పెట్టి చూడండి. కోత పైనుంచి కిందికి వాలిందంటే గైడ్లు సర్దాలి. పక్కకి వాలిందంటే వైసులో కదలని దవడని సర్దాలి. రెండు గైడ్లనీ ఇనుముకి ఎంత దగ్గరికి జరపగలిగితే అంత దగ్గరికి జరపండి. బ్లేడు టెన్షను బాగా ఉండాలి, వదులుగా ఉంటే ఎంత మంచి బ్లేడైనా పాములా పోతుంది.

మూడోది గేర్‌బాక్సు. నడిపే ముందే మూత విప్పండి. కొన్నిటిలో పోత ఇసుక, ఇనప రజను అలాగే ఉండిపోతాయి. కిరసనాయిలుతో కడిగి, ఆరాక, పుస్తకంలో చెప్పిన గేరు ఆయిలు చెప్పిన మట్టానికి పొయ్యండి.

నాలుగోది కాళ్లు. రేకు స్టాండు ఇస్తే దాన్ని నమ్మొద్దు. చెయ్యి పైకెత్తినప్పుడు బరువంతా ఒక పక్కకి పోయి మిషన్ తిరగబడుతుంది. యాంగిల్‌తో వెడల్పాటి బల్ల చేసి బోల్టులతో బిగించండి. మీ మిషన్ చేసే మొదటి పని దాని బల్లే అయితే అంతకన్నా మంచి పరీక్ష లేదు.

అయిదోది స్విచ్. దీనికోసమే ఈ పోస్టు రాశానన్నా తప్పులేదు. బోరు మోటారుకి ఆటో స్టార్టరు పెట్టుకున్న మనకి కరెంటు రాగానే మోటారు తిరగడం వరం. రంపానికి అదే శాపం. కోత మధ్యలో కరెంటు పోతుంది, ఇరుక్కున్న ముక్క తీద్దామని చెయ్యి పెడతాం, అప్పుడే కరెంటు వస్తుంది. మామూలు స్విచ్ ఉంటే రంపం దానంతట అదే తిరుగుతుంది. నో-వోల్ట్ స్విచ్ పెట్టించండి. కరెంటు పోయి వచ్చినా మళ్లీ మన చేత్తో నొక్కితే తప్ప అది తిరగనివ్వదు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు తప్పనిసరి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకెయ్యండి. తిరిగే బ్లేడు దగ్గర తువ్వాలు, వదులు చొక్కా, చేతికి గ్లౌజులు వద్దు. చుట్టిన బ్లేడు విప్పేటప్పుడు మాత్రం గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి, అది ఎగిరి మొహానికి కొడుతుంది.

ఇక నడపడం. వేగాలు సాధారణంగా మూడుంటాయి, నిమిషానికి సుమారు 20, 30, 50 మీటర్లు. మామూలు ఇనుముకి మధ్యది, స్టెయిన్‌లెస్‌కి తక్కువది, అల్యూమినియానికి ఎక్కువది. యాంగిల్‌ని ఇంటి కప్పులా, మూల పైకి, అంచులు రెండూ కిందికి ఉండేలా వైసులో పెట్టండి. చెయ్యి మీద బరువు వేసి నొక్కకండి. రజనే చెప్తుంది. సన్నటి పొడి వస్తే ఒత్తిడి చాలట్లేదు, నీలంగా కాలి వస్తే ఎక్కువైంది, చుట్టలు చుట్టలుగా వస్తే సరిగ్గా ఉంది. కొత్త బ్లేడుకి మొదటి కొన్ని కోతలు సగం ఒత్తిడితోనే కానివ్వండి.

దీనితో కాని పనులూ ఉన్నాయి. కమాన్ పట్టీలు, రోటవేటరు బ్లేడులు, డిస్క్ హారో పళ్లేలు పెట్టకండి. అవి గట్టిపరిచిన ఉక్కు, ఒక్క కోతకే బ్లేడు పళ్లు పోతాయి. వాటికి వెల్డింగ్ షాపే దిక్కు.

ఖరీదైన మిషన్ కొంటే ఈ తిప్పలుండవు కదా అనే మాట నిజమే. రోజంతా కోతే పనైన షాపువాళ్లకి అదే లాభం. మనది అలా కాదు. ఏడాదిలో పనిముట్ల మరమ్మతు, ఒక పందిరి, ఒక గేటు. అంత పనికి పెద్ద మిషన్ అప్పు చేసి తెస్తే వడ్డీ మనల్నే కోస్తుంది. ఏడాదికి పది కోతలు కూడా లేనివాళ్లు చవకది కూడా కొనొద్దు. వాళ్లకి హాక్సా బ్లేడే చాలు.

అందుకే నా సలహా, నలుగురైదుగురు కలిసి ఒకటి కొనండి. ఊళ్లో ఐటీఐ ఫిట్టరు చదివి ఖాళీగా ఉన్న కుర్రాడుంటే సర్దే పని, చూసుకునే పని అతనికి అప్పగించి, కోతకింత అని ఇవ్వండి. మిషన్ ఉంచే ఇల్లు ఎవరిది, బ్లేడు అరిగితే డబ్బు ఎవరిది అన్నది కొనే ముందే కాగితం మీద రాసుకోండి. చవక మిషన్ పాడవడానికి ఎప్పుడూ నాసిరకమే కారణం కాదు. అందరిదీ అనుకుని ఎవరూ నూనె వెయ్యకపోయినా పాడవుతుంది.

కొనేవాళ్లు మిషన్‌తో పాటే బ్లేడులూ, నో-వోల్ట్ స్విచ్చీ ఒకే బిల్లులో తీసుకోండి. తర్వాత చూద్దాం అనుకున్నది మన ఊళ్లలో ఎప్పటికీ రాదు.